రేకా, లప్పమా

“ఎడం పక్క కింద కొట్టి సూసేవా?”

“సూసేను.”

“ఏటది? రేకా, లప్పమా?”

“రేకే.”

“అయితే సర్లే.”

ఇవి నాకూ మా ఆయనకీ మధ్య జరిగిన ఆఖరి మాటలు. ఆసుపత్రి మంచం మీద, ముక్కుకి పెట్టిన గొట్టం పక్కకి లాగి మరీ అడిగాడు. తర్వాత కళ్ళు మూసుకున్నాడు. మధ్యాహ్నానికి పోయాడు. ముప్పై ఆరేళ్ళు కాపురం చేసిన మొగుడు పోయేముందు పెళ్ళాన్ని ఏం అడుగుతాడు? తిన్నావా అని అడుగుతాడు. ఎలా బతుకుతావు అని అడుగుతాడు. మా ఆయన కారు తలుపు కింద రేకు గురించి అడిగాడు. నేను దానికి కూడా అబద్ధమే చెప్పాను. అది రేకు కాదు.

తెలియని వాళ్ళకి చెబుతాను. రేకు అంటే కారు ఒళ్ళు. లప్పం అంటే ఆ రేకు మీద సొట్టలు పూడ్చడానికి రాసే ముద్ద. ఎండితే రాయిలా గట్టిపడుతుంది. నీళ్ళు చల్లి గరుకు కాగితంతో రుద్దితే గాజులా నున్నగా వస్తుంది. మీద రంగు పడ్డాక కన్నతల్లి కూడా పోల్చుకోలేదు. సన్నగా రాస్తే అది మందు. మందంగా రాస్తే మోసం. ఈ ముప్పై ఏళ్ళలో నేను రెండూ చేశాను.

నా పేరు పైడమ్మ. మాది కంచరపాలెం. మా ఆయన సన్యాసిరావు టింకరింగ్ మేస్త్రి, అంటే సొట్టలు తీసి, కుళ్ళిన రేకు కోసి కొత్తది అతికేవాడు. ఆయన చివరిగా కొన్న కారు మా ఇంటి పక్క రేకుల పందిరి కింద ఉంది. పాత అంబాసిడర్, మొదటి రకం. ఎవరో మొదలుపెట్టి సగంలో వదిలేస్తే ఈయన కొన్నాడు. ఈయన కూడా సగంలోనే వదిలేసి పోయాడు. ఇప్పుడు దాన్ని కొనడానికి ఆదివారం మధురవాడ నుంచి ఒక అబ్బాయి వస్తున్నాడు. కంప్యూటర్ ఉద్యోగం. “ఆంటీ, ఇప్పటిదాకా ఈ కారుకి ఏమేం పని జరిగిందో ఒక కాగితం మీద రాసివ్వండి, చాలు” అన్నాడు.

నాకు సంతకం తప్ప రాయడం రాదు. మా చెల్లి కూతురు సుజాత మద్దిలపాలెంలో జిరాక్సు షాపులో టైపు చేస్తుంది. అది కూర్చుని కొడుతోంది. నేను ‘నాను’ అంటే అది ‘నేను’ అని కొడుతోంది. ఇదేటే అంటే, “పుస్తకాల్లో ఇలగే ఉంటాది పెద్దమ్మా” అంటోంది. కొట్టుకోనీ. మనుషులు మాట్లాడుకున్న మాటలు మాత్రం ఎలా అన్నవి అలాగే ఉంచమన్నాను.

ఆ అబ్బాయి ఒక కాగితం అడిగాడు. ఇది ఎక్కువే అవుతుంది. పాత కార్ల మీద మోజుపడి సగం పనైన బళ్ళు కొనే పిల్లలు ఇప్పుడు ఊళ్ళో చాలామంది ఉన్నారు. వాళ్ళందరూ చదువుకుంటారని చెబుతున్నాను.

కుండ కొట్టి కొనడం

మా అమ్మ కంచరపాలెంలో రైలు పట్టాల పక్కన కుండలు అమ్మేది. మేం కుమ్మరోళ్ళం. నా ఏడో ఏట నుంచి నా పని ఒకటే. ఆవంలో కాలి వచ్చిన ప్రతి కుండనీ వేలి కణుపుతో కొట్టి చూడడం. బాగా కాలిన కుండ ఖంగుమంటుంది. పగులున్నది డొబ్బుమంటుంది. కంటికి కనబడని పగులు కూడా చెవికి దొరుకుతుంది. పగిలిన కుండని మా అమ్మ పక్కన పెట్టేది. మా నాన్న దాన్నే మళ్ళీ వరసలో పెట్టేవాడు. “సూసుకుని కొనుక్కోనీ” అనేవాడు. వాళ్ళిద్దరూ రోజూ దీని మీదే దెబ్బలాడుకునేవాళ్ళు. నా చదువంతా అదే.

పెళ్ళయ్యాక మా ఆయనకి క్యారేజీ పట్టుకుని షెడ్డుకి వెళ్ళేదాన్ని. గోదావరి నుంచి వచ్చి స్థిరపడిన రాజు గారి షెడ్డు అది. ఒకరోజు రుద్దే మనిషి రాలేదు. రాజు గారు గరుకు కాగితం నా చేతికిచ్చి, “కాస్త సాయం పట్టమ్మా, ఈ ఒక్క పూటేనండీ” అన్నారు. ఆ ఒక్క పూట పదకొండేళ్ళు నడిచింది.

మీరు సినిమాల్లో మెకానిక్కుని చూస్తారు. సుత్తి, నిప్పురవ్వలు. కారుకి అందం వచ్చేది వాటితో కాదు, రుద్దుడుతో. పొద్దున్న ఎనిమిదికి చెయ్యి నీళ్ళలో పెడితే సాయంత్రం దాకా తియ్యడం ఉండదు. గోళ్ళు మెత్తబడి ఊడతాయి. వేళ్ళ మీద గీతలు అరిగిపోతాయి. ఇప్పటికీ రేషను మిషన్ నా వేలు పట్టదు. “ఇంకో వేలు పెట్టమ్మా” అంటాడు డీలరు. పదీ పెడతాను. పదీ పట్టదు. చదువు రానిదానికి దేవుడిచ్చిన సంతకం వేలిముద్ర. నాది కార్ల మీద అరిగిపోయింది.

ఆ పనిలో ఒక సంగతి పట్టుబడింది. రుద్దాక కళ్ళు మూసుకుని, అరచేతి కింద తడిగుడ్డ పెట్టి జరపాలి. వట్టి చేతికి తెలియని ఎత్తుపల్లాలు గుడ్డ మీంచి తెలుస్తాయి. తర్వాత కణుపుతో కొట్టాలి. రేకు ఖంగుమంటుంది. లప్పం డొబ్బుమంటుంది. ఎంత మందమో కూడా చెప్పగలను. మా అమ్మ కుండలే ఇవీ అనుకున్నాను. చక్రాలున్న కుండలు.

మాస్టారి భార్య కాలు

రాజు గారు చెడ్డమనిషి కాదు. చెడ్డ పనులు చేయించిన మనిషి. రెండూ వేరని మీరు ఉద్యోగంలో చేరాక తెలుసుకుంటారు.

సముద్రం పక్క ఊళ్ళో కారు పైనుంచి కుళ్ళదు. కిందనుంచి కుళ్ళుతుంది. ఒకసారి హార్బరు రోడ్డులో తిరిగిన తెల్ల కారు వచ్చింది. కింద నేల రేకు జల్లెడ. కోసి కొత్త రేకు వెయ్యాలన్నాడు మా ఆయన. రాజు గారు వద్దన్నారు. కిటికీలకి కొట్టే ఇనప దోమల జాలి తెప్పించి, కంతల మీద పరిపించి, దాని మీద లప్పం రాయించారు. జాలి ఎందుకంటే, కొనేవాడు అయస్కాంతం పెట్టి చూస్తే అతుక్కుంటుంది. ఇప్పటి పిల్లలు కూడా జేబులో అయస్కాంతం వేసుకుని బళ్ళు చూడ్డానికి వస్తారు. అయస్కాంతానికి ఇనుము ఉందో లేదో తెలుస్తుంది, రేకు ఉందో లేదో తెలియదు.

నేను అడిగాను. “బాబూ, కాలు ఏస్తే దిగిపోదేటండి?”

“ఏంటమ్మా పైడమ్మా, దిగేదాకా దిగదు కదండీ” అన్నారు రాజు గారు. “నీ పని కనబడకూడదు. కనబడకపోతేనే నువ్వు పనిచేసినట్టు. ఆయ్.”

రెండు రోజులు రుద్దాను. కనబడకుండా రుద్దాను. నా చేతికే దొరకనంత నున్నగా.

దాన్ని ఒక మాస్టారు కొన్నారు, బడిపంతులు. ఒక వానాకాలం గడిచాక షెడ్డుకి వచ్చారు. గొడవ చెయ్యలేదు. అందుకే భయమేసింది. “ఆ కింద పని ఎవరు చేశారు?” అని అడిగారు. రాజు గారు మా ఆయన వైపు చూశారు. మా ఆయన నా వైపు చూశాడు.

మాస్టారు నాతో అన్నారు. “చాలా బాగా చేశావమ్మా. మా ఆవిడ కాలు మోకాలి దాకా దిగి ఎముక విరిగేవరకూ నాకు అనుమానం రాలేదు.”

“సముద్రం గాలండి మాస్టారూ, మన చేతుల్లో ఏముందండీ” అన్నారు రాజు గారు.

మాస్టారు ఆయన వైపు చూడను కూడా లేదు. నాకు నమస్కారం పెట్టి వెళ్ళిపోయారు. ముప్పై ఏళ్ళలో నా పని బాగుందని నా ముఖం మీద చెప్పిన గిరాకీ ఆయన ఒక్కడే. చేతకానివాడు చేసిన మోసం నాలుగు రోజుల్లో బయటపడుతుంది. ఆ మాస్టారు మోసపోయింది నాకు పని వచ్చు కాబట్టి. కొత్తగా పనిలోకి వచ్చేవాళ్ళు ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకుంటే చాలు, మిగతాది చేతులే నేర్చుకుంటాయి.

ఆ సాయంత్రం మా ఆయనతో, “రేపట్నుంచి నాను రాను” అన్నాను.

“నువ్వు రాకపోతే నానెందుకు?” అన్నాడు. అలా ఇద్దరం ఆ షెడ్డు మానేశాం. ఆ మాట గుర్తొచ్చినప్పుడు ఆయన మీద కోపం సగం తగ్గుతుంది. మిగతా సగం ఎందుకో చెబుతాను.

మంచినీళ్ళు

ఇంటి పక్క గోడకి రేకుల పందిరి వేసుకున్నాం. జనం మొదలుపెట్టి సగంలో వదిలేసిన పాత కార్లు కొని, పూర్తి చేసి అమ్మడం మా వ్యాపారం. చూడ్డానికి ఇద్దరం మా మోటారుసైకిలు బండి మీద వెళ్ళేవాళ్ళం. మా ఆయన ముందు ఇంజను మూత ఎత్తి, అమ్మేవాడితో కబుర్లు పెట్టేవాడు. నేను నీడ కోసం అన్నట్టు కారుని ఆనుకుని నిలబడి, పైట చాటున కణుపుతో కొట్టుకుంటూ చుట్టూ ఒక తిరుగుడు తిరిగేదాన్ని. నన్ను ఎవరు చూస్తారు? మేస్త్రితో వచ్చిన ఆడమనిషి.

అమ్మేవాడి ముందు చెప్పలేం కాబట్టి ఒక గుర్తు పెట్టుకున్నాం. బండి బాగుంటే నేను ఆ ఇంటివాళ్ళని మంచినీళ్ళు అడుగుతాను. బాగులేకపోతే, “ఎండెక్కుతంది, ఎల్దాం” అంటాను. మంచినీళ్ళు అడిగితే ఆయన చెయ్యి చాపి బేరం ఖాయం చేసేవాడు. ఎండ అంటే మా బండి ఎక్కేవాడు. పందొమ్మిదేళ్ళలో ఒక్కసారి కూడా తప్పలేదు.

ఊళ్ళో పేరు మాత్రం ఆయనకి వచ్చింది. సన్యాసిరావు చూశాడంటే చాలు అనేవారు. ఒకసారి ఒక సేటు, “మేస్త్రీ, నీవి కళ్ళు కాదు, ఎక్స్‌రేలు” అన్నాడు. మా ఆయన నవ్వి ఊరుకున్నాడు. తిరుగు దారిలో బండి మీద అడిగాను.

“ఏటి మావా, నీ కళ్ళు ఎక్సురేలంట గదా.”

“మరి కాదేటి?”

“అయితే రేపట్నుంచి ఎక్సురేల్నే ఎక్కించుకెల్లు. నాను ఇంటికాడ సేపలు తోముకుంటాను.”

“ఓలే, బండి మీద కూసుని మొగుడ్తో దెబ్బలాడకు. పడిపోతావ్.”

నవ్వుకున్నాం. కానీ పందిరికి బోర్డు రాయించినప్పుడు నేను నవ్వలేదు. ‘సన్యాసిరావు టింకరింగ్’ అని రాయించాడు. నా పేరు కూడా పక్కన పెట్టమన్నాను. “నీ పేరెడితే గిరాకీ వొస్తాదేటే?” అన్నాడు. చెడ్డగా అనలేదు. వర్షం వస్తుందా అన్నట్టు అన్నాడు. అందుకే ఎక్కువ గుచ్చుకుంది. ఆ బోర్డు ఇప్పటికీ ఉంది. దాని మీద రాసింది నేను చదవలేను. కానీ అందులో నేను లేనని నాకు తెలుసు.

సగం బండి కొనేవాళ్ళకి

ఆఖరి కారు సంగతికి వచ్చే ముందు, పనికొచ్చే మాటలు చెప్పేస్తాను. ఆ తర్వాత చెప్పే ఓపిక ఉండదు.

అమ్మేవాడు ప్రతివాడూ ఒకటే అంటాడు. రేకు పనంతా అయిపోయింది, ఇంక రంగు ఒక్కటే మిగిలింది అని. రంగు ఒక్కటే మిగిలితే ఎవడూ అమ్మడు. గర్భిణి తొమ్మిదో నెలలో కాన్పు వద్దంటుందా? కాబట్టి ఏం మిగిలింది అని అడక్కండి. ఎక్కడ ఆగిపోయారు, ఎందుకు ఆగిపోయారు అని అడగండి. చాలామంది కుళ్ళు కనబడిన చోటే ఆగుతారు.

సగం పనైంది అంటే సగమే మిగిలిందని లెక్క కాదు. ముందు వాడు చేసింది ఊడదియ్యాలి. తర్వాత మొత్తం నువ్వు చెయ్యాలి. ఇంకొకడి చెయ్యి పడిన బండి కంటే, ఎవడి చెయ్యీ పడకుండా పాకలో తుప్పు పట్టిన బండి నయం. అది అబద్ధం చెప్పదు.

బూడిద రంగు ప్రైమర్ కొట్టి పెట్టామండీ, తుప్పు పట్టదు అంటారు. ప్రైమర్ అంటే పైరంగు పట్టుకోడానికి వేసే పూత, అంతే. అది కాల్చని కుండ లాంటిది. నీళ్ళు తాగుతుంది. మన ఊళ్ళో ఉప్పుగాలికి ఒక్క వానాకాలం ప్రైమర్ మీద వదిలేస్తే లోపల రేకు పొక్కులు పొక్కులు అయిపోతుంది. పైకి మాత్రం బూడిద పూసుకున్న స్వామిలా చక్కగా ఉంటుంది.

ఊడదీసిన సామాన్లన్నీ డబ్బాల్లో ఉన్నాయంటే నమ్మకండి. ఒక పాత చీర పరిచి అన్నీ దాని మీద పొయ్యండి. జతలు కట్టండి. ముందు కుడి తలుపు గొళ్ళేలు రెండు ఉండి ఎడం దానికి ఒకటీ లేకపోతే, అవి రెండు కార్ల సామాన్లని అర్థం. నేను అలా చీర పరిస్తే ముఖం మాడ్చుకున్న పెద్దమనుషుల్ని చాలామందిని చూశాను.

ఇంకొకటి. చూడ్డానికి వెళ్ళేముందు నీళ్ళు తాగి వెళ్ళండి. ఇది నవ్వులాట కాదు.

ఆఖరి కారు

మా ఆయనకి ఊపిరితిత్తులు పాడయ్యాయి. ముక్కుకి గుడ్డ కట్టుకోమంటే ఎప్పుడూ కట్టుకోలేదు. ఏడాది పాటు సుత్తి పట్టుకోలేదు. వీధిలోకి చూస్తూ కూర్చునేవాడు. అలాంటప్పుడు సుజాత తన ఫోనులో ఈ కారు చూపించింది. గాజువాక అవతల, స్టీలు ప్లాంటులో చేసి రిటైరైన ఒక పెద్దమనిషి అమ్ముతున్నాడు. “నాను మొదట సుత్తి పట్టింది ఈ రకం బండి మీదేనే” అన్నాడు మా ఆయన. ఆ ఫోను నాలుగు రోజులు సుజాతకి తిరిగివ్వలేదు.

మే నెల. ఆటోలో వెళ్ళాం. నేను షుగరు మాత్రలు వేసుకుంటాను, నోరు పిడచకట్టుకుపోతుంది. దిగేసరికి నాలుక అంగిట్లో అతుక్కుంది. కారు ఇటుకల మీద నిలబెట్టి ఉంది. బూడిద రంగు ప్రైమర్. మా ఆయన ఆయాసం కూడా మరిచిపోయి దాని ముందుకి వెళ్ళిపోయాడు. పెద్దమనిషి మొదలుపెట్టాడు. “రేకు పనంతా పూర్తయిందండీ. ఇంక రంగు ఒక్కటే.”

నేను గుమ్మం మెట్టు మీద కూలబడ్డాను. కారు మీద ఇంకా చెయ్యి వెయ్యలేదు. ఆ పెద్దమనిషి భార్య తలుపు తీసింది. నా నోటమ్మట వచ్చేసింది. “అమ్మా, ఒక గ్లాసు మంచినీళ్ళు ఇప్పించు.”

మా ఆయన వెనక్కి తిరిగి నన్ను చూశాడు. ఆ ముఖం ఏడాదిగా నేను చూడని ముఖం. అటు తిరిగి చెయ్యి చాపాడు. “ఖాయం చేసుకోండి సార్.”

గ్లాసు నా చేతిలోకి కూడా రాలేదు.

దప్పికేసి అడిగాను. అంతే. పందొమ్మిదేళ్ళు మంచినీళ్ళు అంటే మంచినీళ్ళు కాదు మా ఇద్దరికీ. అది నేను మరిచిపోయాను. ఆయన మరిచిపోలేదు.

కారుని లారీ ఎక్కిస్తున్నప్పుడు కొట్టి చూశాను. కుడి పక్క ఫర్వాలేదు. ఎడం పక్క, తలుపు కింద ముందు నుంచి వెనక దాకా పోయే పెట్టె లాంటి రేకు ఉంటుంది. బండి బరువంతా దాని మీదే. అక్కడ డొబ్బుమంది. జానెడు కాదు, పొడుగునా. అడుగు పగిలిన కుండ.

చెప్పలేదు. ఎందుకంటే ఆయన ముఖం చూసి. అది ఒకటి. సిగ్గు కూడా. ఇన్నేళ్ళలో తప్పని దాన్ని గ్లాసుడు నీళ్ళకి తప్పాను. ఇంకొకటి ఉంది, అది సుజాతకి కూడా ఇప్పుడే తెలుస్తోంది. నాకు కక్ష. లారీ వెనక ఆటోలో వస్తూ అనుకున్నాను, ఎక్స్‌రే కళ్ళు కదా, చూసుకోనీ అని. మా నాన్న పగిలిన కుండ వరసలో పెట్టి అన్న మాటే.

ఏడు నెలలు పనిచేశాడు. పది దెబ్బలు కొట్టి పావుగంట కూర్చునేవాడు. కుడి పక్క తలుపులు సరిచేశాడు. వెనక డిక్కీ నేల కోసి కొత్త రేకు వేశాడు. నేను రుద్దాను. ఎడం పక్కకి వెళ్ళబోతే ఏదో ఒకటి చెప్పి ఆపేదాన్ని.

“ఎడం పక్క ఎప్పుడే?”

“ముందు కుడి పక్క రంగు దాకా రానీ మావా. కంగారేటి?”

“కంగారు నాకు కాదే. ఊపిరికి” అనేవాడు. అని నవ్వేవాడు. నేను నవ్వలేకపోయేదాన్ని.

తర్వాత ఆసుపత్రి. తర్వాత ఆ అయిదు మాటలు.

ఎడం పక్క

పెద్దదినం అయ్యాక కారు మీద గుడ్డ కప్పేశాను. నెలలు చూడలేదు. మధురవాడ అబ్బాయి ఫోను చేశాక గుడ్డ తీశాను. ఉన్నది ఉన్నట్టు అమ్మెయ్యొచ్చు. పైన ప్రైమర్ నున్నగా ఉంది. ఆ అబ్బాయి దగ్గర అయస్కాంతం ఉంటుంది. అతుక్కుంటుంది. నాకు తెలుసు కదా ఎలా చేస్తారో.

మాస్టారి నమస్కారం గుర్తొచ్చింది. లప్పం గీకే పలక తీసుకుని కూర్చున్నాను.

పైపూత గీకగానే కింద ముదురు బూడిద రంగు లప్పం బయటపడింది. పాతది, ఆ పెద్దమనిషి చేయించింది. ఇంకాస్త గీకితే దాని కింద దోమల జాలి. మధ్యలో ఒక చోట మాత్రం రంగు మారింది. పసుపచ్చగా, కొత్తగా, జానెడు మేర. అది మా పందిరిలో వాడే లప్పం. అంచులు లప్పం రాసే ప్లేటుతో కాదు, బొటనవేలితో ఒత్తి ఉన్నాయి. ప్రతి ఒత్తుడులో రెండు గీతలు.

మా ఆయన కుడి బొటనవేలు ఎప్పుడో సుత్తి కింద పడి గోరు మధ్యకి చీలిపోయింది. మళ్ళీ కలవలేదు. ఆయన ఏది ఒత్తినా రెండు గీతలు పడతాయి. ఇంట్లో రొట్టె పిండి మీద కూడా.

అంటే నేను లేనప్పుడు ఎప్పుడో ఆయన అక్కడ తెరిచి చూశాడు. లోపల దోమల జాలి చూశాడు. చూసి, మళ్ళీ మూసేశాడు. రుద్దడం ఆయనకి ఎప్పుడూ రాదు. అయినా అంచులు వదిలేసి మధ్యలో రుద్దాడు. పైన ప్రైమర్ పూశాడు. నాకు కనబడకూడదని.

తెలిసే అడిగాడు.

రేకా లప్పమా అని అడిగినప్పుడు జవాబు ఆయన దగ్గరే ఉంది. నా నోట నిజం వినాలని అడిగాడా? దొరికిపోయావే అని చెప్పడానికి అడిగాడా? లేకపోతే, పోయేముందు పెళ్ళానికి ఒక దారి తెరిచి, ఇప్పుడైనా చెప్పెయ్యవే, తేలికవుతావు అన్నాడా? నేను రేకే అన్నాను. ఆయన సర్లే అన్నాడు. ఆ సర్లే ముప్పై ఆరేళ్ళు విన్నాను. కోపంలో విన్నాను, నిద్రలో విన్నాను, కూరలో ఉప్పెక్కువైనప్పుడు విన్నాను. ఎన్ని వందల బళ్ళు కొట్టి చూశానో. ఆ ఒక్క మాట రేకో లప్పమో నాకు తెలియడం లేదు. అడుగుదామంటే మనిషి లేడు.

కాబట్టి బాబూ, మధురవాడ బాబూ. నువ్వు అడిగిన కాగితం ఇది. కుడి పక్క, వెనక నేల మా ఆయన పని. నమ్మొచ్చు. ఎడం పక్క కింద రేకు లేదు. జాలి, లప్పం. నేను గీకి తెరిచి పెట్టాను, దూరం నుంచే కనబడుతుంది. అది మొత్తం కోసి కొత్తది అతికించకుండా కారు కదపకు. ఎక్కకు, ఎవరినీ ఎక్కించకు. ఇవన్నీ చూసి వద్దంటే వద్దను. నాకేం బాధ లేదు అనను, ఉంటుంది. కొంటానంటే ఒకటి చెప్పాలి. ఆ జానెడు పసుపు ముక్క నేను తియ్యలేదు. అది పనికిరాని లప్పం, తియ్యాల్సిందే. నా చేత్తో కాలేదు. అది నువ్వు తీసుకో.

సుజాత ఆపి అడుగుతోంది. “పెద్దమ్మా, కక్ష అన్న మాట తీసీమంటావేటి? ఆ అబ్బాయి ఏటనుకుంటాడు?”

“ఉంచు.”

“ఆసుపత్రి మాటో?”

“అదీ ఉంచు. ఏదీ తియ్యకు, ఏదీ పూడ్చకు. ఇలగా కూసో. మొదట్నుంచి నాకు సదివి ఇనిపించు. మెల్లగా సదువు. నాను కళ్ళు మూసుకుంటాను. ఎక్కడ డొబ్బుమంటే అక్కడ ఆపుతాను.”